ఊసరవెల్లిని పట్టుకొచ్చి రీల్స్ తీయడం ఇకనైనా ఆపండి

ఈమధ్య ఫీడ్ నిండా ఇవే రీల్స్. చేలో దొరికిన ఊసరవెల్లిని పట్టుకొచ్చి ఎర్ర టవల్ మీద ఒకసారి నీలం బకెట్ మీద ఒకసారి పెట్టడం, "రంగు మారుస్తుంది చూడండి ఫ్రెండ్స్" అంటూ పుల్లతో పొడవడం. చూస్తుంటే కడుపు మండిపోతోంది. టవల్ రంగు చూసి అది మారదు బాబూ! దాని రంగు మారేది ఎండను బట్టి, వెలుతురును బట్టి, భయాన్ని బట్టి, ఎదురుగా ఇంకో ఊసరవెల్లి ఉంటే దాన్ని బట్టి. చర్మం కణాల్లో కంటికి కనపడనంత చిన్న స్ఫటికాలుంటాయి, వాటి మధ్య దూరం మారితే రంగు మారుతుంది, ఈ సంగతి మడగాస్కర్‌లో ఉండే పాంథర్ ఊసరవెల్లి మీద పరిశోధన చేసి 2015లోనే తేల్చారు. మీ వీడియోలో అది ఒళ్లు నల్లబడి, పొట్ట ఉబ్బించి, నోరు తెరిచి బుస కొడుతోందంటే హడలిపోయిందని అర్థం.

చాలామందికి తొండకీ దీనికీ తేడా కూడా తెలీదు. కంచె మీద కూర్చుని ఎర్రటి మెడతో తల ఊపేది తొండ. ఊసరవెల్లికి తల మీద టోపీ పెట్టినట్టు ఎత్తుగా ఉంటుంది, తోక చుట్ట చుట్టుకుని ఉంటుంది, కాలి వేళ్లు రెండు ఒకవైపు మూడు ఒకవైపు అతుక్కుపోయి కొమ్మని పట్టకారులా పట్టుకుంటాయి. ఒక కన్ను ముందుకి చూస్తుంటే ఇంకోటి వెనక్కి తిరుగుతుంది! నడిచేటప్పుడు చూడాలి అసలు, ఒక అడుగు ముందుకేసి ఆగి, గాలికి ఆకు ఊగినట్టు ముందుకీ వెనక్కీ ఊగి, అప్పుడు రెండో అడుగు వేస్తుంది. ఇంత నెమ్మదైన జీవి మనుషుల్ని ఏం చేస్తుందని? విషం లేదు, కోర లేదు, తినేది పురుగుల్ని. అయినా విషం అని రాళ్లేసి చంపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ప్రపంచంలో రెండొందలకి పైగా జాతులుంటే దాదాపు సగం మడగాస్కర్‌లోనే ఉన్నాయి. మన దేశం మొత్తానికి ఉన్నది ఈ ఒక్కటే. గంగకి దక్షిణాన మన తెలుగు నేలతో సహా చాలాచోట్ల, శ్రీలంకలో, పాకిస్తాన్‌లో కొంతమేర ఉంటుంది. 1972 వన్యప్రాణి చట్టం కింద దీనికి రక్షణ ఉంది, పట్టుకోవడం, పెంచడం నేరం.

ఆడది గుడ్లు పెట్టడానికి చెట్టు దిగి నేలలో గుంత తవ్వుతుంది, అలా దిగినప్పుడే రోడ్ల మీద బళ్ల కింద పడేది. కనపడితే బండి ఆపి, ముందు ఒక పుల్ల పెట్టండి, అదే ఎక్కుతుంది, ఎటు పోతుంటే అటువైపు పొదలో వదిలేయండి. ఫోన్ తీయకండి ప్లీజ్.