మోగి మోగి అలసిన గేర్ హారన్ గారికి

మహారాజశ్రీ ల్యాండింగ్ గేర్ వార్నింగ్ హారన్ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

తమరి ఉద్యోగ ధర్మం చాలా చిన్నది. పైలట్ ఇంజన్ శక్తిని అదుపు చేసే థ్రాటిల్ మీటను ఒక హద్దు దాటి వెనక్కి లాగినప్పుడు విమానం చక్రాలు, అంటే ల్యాండింగ్ గేర్, కిందికి దిగి లాక్ అయి ఉండకపోతే తమరు మోగాలి, అయి ఉంటే ఊరుకోవాలి. ఇంత స్పష్టమైన విధులు గల ఉద్యోగి ఏ ప్రభుత్వంలోనూ మరొకరు ఉండరు. అయినా చక్రాలు పొట్టలోనే దాచుకుని, నిప్పురవ్వలు రాల్చుకుంటూ రన్‌వే మీదికి జారివచ్చే సైనిక విమానాలు ఏ తరంలోనూ పూర్తిగా కనుమరుగు కాలేదు. ఈ అప్రతిష్ఠ తమరిదా, తమరి మోత విననివారిదా అన్నది తేల్చడానికే ఈ లేఖ.

2006 మే 8న హిందూ మహాసముద్రంలోని డియెగో గార్సియా ద్వీపంలో జరిగినది తమరికి గుర్తుండే ఉంటుంది. అమెరికా వాయుసేనకు చెందిన బి-1బి బాంబర్ అక్కడ దిగుతుండగా, పైలట్ చివరి దశలో ఉన్నట్టుండి విమానాన్ని కోపైలట్ చేతికి అప్పగించారు. చెక్‌లిస్ట్ మీద గాని, ఎదుట ఉన్న మీటర్ల మీద గాని ఇద్దరి దృష్టీ నిలవలేదని, చక్రాలు దిగే ఉన్నాయన్న భ్రమ మాత్రం నిలిచిందని దర్యాప్తు బృందం తేల్చింది. తమరి తోబుట్టువైన ఎర్రదీపం గేర్ మీటలో నాలుగు నిమిషాలకు పైగా వెలుగుతూనే ఉంది. నాలుగు నిమిషాలంటే, అయ్యా, పని ఎదుటివారు చేసి ఉంటారని ఇద్దరు పెద్దమనుషులు తీరికగా, మర్యాదగా నమ్ముకోవడానికి కావలసినదానికంటే ఎక్కువ సమయం. విమానం 7,500 అడుగులు పొట్ట మీద జారింది, నలుగురు సిబ్బంది పైకప్పు తలుపు గుండా బయటపడ్డారు, నష్టం 79 లక్షల డాలర్లని లెక్క కట్టారు. మూడేళ్ళు తిరగకముందే, 2009 జనవరిలో, ఆఫ్ఘానిస్థాన్‌లోని బాగ్రాంలో ఒక సి-17 రవాణా విమానం కూడా చెక్‌లిస్ట్ పూర్తి కాకుండా, చక్రాలు దిగకుండా నేలను తాకింది. బాంబర్ చేసిన పని బరువులు మోసే విమానం చేయకూడదన్న నియమం ఏదీ లేదు కదా!

తమరి గొంతు ఎందుకు చెవికి ఎక్కదో కొంత ఆలోచించాను. శిక్షణలో స్టాల్ (రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి) అభ్యాసం చేస్తున్నా, ఎత్తు నుంచి ఇంజన్ శక్తి తగ్గించి వేగంగా కిందికి దిగుతున్నా తమరు మోగుతారు, అక్కడ చక్రాలతో ఎవరికీ పని లేకపోయినా సరే. అందుకని తమరి నోరు మూయించడానికి పక్కనే ఒక బొత్తాం పెట్టారు. పదిసార్లు అనవసరంగా మోగిన తమరిని పదిసార్లూ ఆ బొత్తాంతో ఊరుకోబెట్టిన వేలు, పదకొండోసారి అవసరమై మోగినప్పుడు మెదడును అడగకుండానే అటు వెళుతుంది. చెవిటివాని ముందు శంఖం ఊదినట్లు అంటారు గాని, ఇక్కడ చెవులు బాగానే ఉన్నాయి. శంఖమే రోజూ ఊది ఊది అలవాటైపోయింది.

తమరికి సహాయంగా మానవజాతి చేయని ప్రయత్నం లేదు. 1943లో ఆల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, బి-17 బాంబర్లు క్షేమంగా దిగిన తరువాత పైలట్లు ఫ్లాప్‌లను (రెక్కల వెనుక అంచున దించే పలకలను) ముడవబోయి చక్రాలను ఎందుకు ముడిచేస్తున్నారో పరిశీలించి, రెండు మీటలూ పక్కపక్కనే ఒకే రూపంలో ఉన్నాయని కనిపెట్టాడు. గేర్ మీట కొనకు చిన్న రబ్బరు చక్రాన్ని, ఫ్లాప్ మీటకు రెక్క ఆకారపు ముక్కను తగిలించాడు. ఆ చిన్న చక్రం నేటికీ కాక్‌పిట్లలో కనిపిస్తుంది. పాపం, ఒక మీట అనుకుని మరొకటి లాగే చేతికి ఆయన మందు కనిపెట్టాడు గాని, ఆ వైపు అసలు వెళ్ళనే వెళ్ళని చేతికి ఏ మందు వేయగలడు? అమెరికాలో కంట్రోల్ టవర్ వారు దిగబోయే సైనిక విమానానికి చక్రాలు సరిచూసుకోమని గుర్తుచేస్తారు. అక్కడి శిక్షణ కేంద్రాలలో ఉపాధ్యాయ పైలట్లు రన్‌వే పక్కన గాజుగదిలో కూర్చుని, వచ్చే ప్రతి విమానానికీ కాళ్ళున్నాయో లేవో కళ్ళతో చూస్తారు. హైదరాబాద్ శివార్లలోని దుండిగల్‌లో మన వాయుసేన క్యాడెట్లు నేర్చుకునే పిలాటస్ విమానానికీ ముడుచుకునే చక్రాలే కనుక, ఇదంతా ఎక్కడో పరాయి ఊరి గొడవ అనుకోవడానికీ వీలు లేదు.

ఇక తమరి మనసు నొచ్చుకునే మాట చెప్పక తప్పదు. తమరు చేయలేని పనిలో కొంత భాగం పైలట్లు కలిసి భోంచేసే మెస్‌లోని వెటకారం చేస్తున్నది. పొట్ట మీద దిగిన విమానంలో చాలాసార్లు ప్రాణాలు దక్కుతాయి, పరువు ఒక్కటే పోతుంది; అందుకే ఈ ప్రమాదం మీద నవ్వడానికి పైలట్లకు అడ్డు ఉండదు. టవర్ వారు అంతగా అరుస్తుంటే ఎందుకు వినలేదని అడిగితే, కాక్‌పిట్‌లో ఏదో హారన్ ఒకటే మోగుతుండటం వల్ల మాట వినబడలేదన్నాడట ఒక పైలట్. ఈ కథలో తమరే విదూషకులు, తమరే నిందితులు. దిగాక విమానాన్ని నేల మీద నడిపించడానికి (టాక్సీ చేయడానికి) పూర్తి శక్తి పెట్టవలసి వచ్చినప్పుడే చక్రాలు లేవని తెలిసిందన్న ఛలోక్తి మరొకటి. చక్రాలు లేకుండా దిగినవారు, ఇకముందు దిగబోయేవారు అని పైలట్లు రెండే రకాలన్న పాత మాట వినబడగానే బల్ల చుట్టూ ఉన్నవారందరూ గట్టిగా నవ్వుతారు. అందరికంటే గట్టిగా నవ్వినవాడే మరునాడు చక్రాలు దిగి లాక్ అయ్యాయని చెప్పే మూడు పచ్చదీపాలను రెండుసార్లు చూసుకుంటాడని నా గట్టి అనుమానం.

కనుక నా మనవి ఇది. ఈసారి ఎవరైనా బొత్తాం నొక్కి తమరిని ఊరుకోమన్నప్పుడు మరింత గట్టిగా మోగి లాభం లేదు. ఆ రాత్రి మెస్ బిల్లు ఎవరు కట్టవలసి వస్తుందో, స్క్వాడ్రన్‌లో మిగిలిన సర్వీసంతా తన పొరపాటును గుర్తుచేస్తూ ఉండే ఏ కాల్‌సైన్ (మారుపేరు) అతనికి అంటుకోబోతుందో నెమ్మదిగా చదివి వినిపించండి. చక్రాలు వాటంతట అవే దిగుతాయి.

ఇట్లు,
తమరి మోతను నేల మీద నుంచి మాత్రమే విన్న
ఒక శ్రేయోభిలాషి