సవ్యసాచి మౌసు, బోణీ బేరం

పుట్టుకతో నాది పుర్ర చేయి. నలభై ఆరేళ్ల వయసులో ఈ సంగతిని నలుగురిలో నిరూపించుకోవలసిన పరిస్థితి మొన్న శనివారం ఉదయం సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, ఒక కంప్యూటరు సామాన్ల దుకాణంలో ఎదురైంది. నిరూపించుకోలేకపోయాను.

నెల రోజులుగా కుడి మణికట్టు నొప్పి పెడుతోంది. పగలంతా ఆఫీసు పని, రాత్రిళ్లు పాత హాస్టలు మిత్రులతో కౌంటర్ స్ట్రైక్ అనే కంప్యూటరు తుపాకుల ఆట. డాక్టరు గారు ఆట మానమన్నారు. ఆట మానడమెందుకు, ఎలాగూ నాది ఎడమచేతి వాటమే కనుక మౌసును ఆ చేతికి మార్చుకుంటానని నేనన్నాను. ఆయన ఒక్క క్షణం నా వంక చూసి, తరువాతి వారిని లోపలికి పిలిచారు.

ఎడమచేతి వాటం వారికోసమే చేసిన గేమింగ్ మౌసులు బజారులో వేళ్ల మీద లెక్కపెట్టదగినన్ని ఉంటాయి, వాటిలో నాకు కనబడినవన్నీ తీగతో ఉన్నవే. తీగ లేనిది కావాలంటే మిగిలిన దారి రెండు చేతులకూ పనికివచ్చేది వెతుక్కోవడం. ఇంగ్లీషులో దీనిని ఆంబిడెక్స్‌ట్రస్ అంటారు. మనకు ఇంతకంటె అందమైన మాట భారత కాలం నుంచీ ఉంది, సవ్యసాచి అని. అర్జునుడు ఎడమ చేత్తో కూడా బాణం వేయగలడు కనుక ఆయనకు ఆ పేరు వచ్చింది. ఆన్‌లైన్‌లో ఆంబిడెక్స్‌ట్రస్ అనే గడిలో టిక్కు పెట్టి వెతికిన వారికి మాత్రం అర్జునుడు దొరకడు, అర్జునుడి వేషం వేసుకున్నవారు దొరుకుతారు. పైచిప్ప అటూ ఇటూ ఒకే ఆకారంలో ఉంటే చాలు, అమ్మేవారు దానికి ఆ పేరు తగిలిస్తున్నారు. పక్క బటన్లు రెండూ ఎడమ వైపునే ఉంటాయి. కుడి చేత్తో పట్టుకున్నవారి బొటనవేలు చేరేది ఎడమ పక్కకు, ఎడమ చేత్తో పట్టుకున్నవారి బొటనవేలు చేరేది కుడి పక్కకు. ఆ కుడి పక్క నున్నగా, బోసిగా ఉంటుంది. ఆటలో బాంబు విసరడానికి నేను పెట్టుకున్న బటను ఎడమ చేతి ఉంగరపు వేలి కింద పడితే ఆ బాంబు ఎప్పుడు ఎవరి మీద పడుతుందో చెప్పడం కష్టం.

ఇది మొదటినుంచీ ఇలా లేదు. 2018లో వచ్చిన లాజిటెక్ కంపెనీ మౌసు జీ ప్రో వైర్‌లెస్ 80 గ్రాములు ఉండేది, దానికి ఏ పక్క కావాలంటే ఆ పక్క బటన్లు పెట్టుకుని, వద్దనుకున్న పక్క మూత బిగించుకునే వీలుండేది. 2019లో వచ్చిన రేజర్ కంపెనీ మౌసు వైపర్ అల్టిమేట్‌కు 74 గ్రాముల బరువులోనే రెండు పక్కలా బటన్లు ఉండేవి. తరువాత బరువు తగ్గించే పోటీ ముదిరింది. 2020లో జీ ప్రో ఎక్స్ సూపర్‌లైట్ 63 గ్రాముల లోపుకు దిగింది, 2022లో వైపర్ వీ2 ప్రో 58 గ్రాములకు దిగింది, రెండింటిలోనూ కుడి పక్క బటన్లు మాయమయ్యాయి. తగ్గిన బరువంతా ఆ బటన్లదే అని నేననను. కానీ ఇల్లు మారేటప్పుడు బరువు తగ్గించాలని ముందుగా ఎవరి పెట్టెను పాత సామాన్లవాడికి వేస్తారో చూస్తే, ఆ ఇంట్లో ఎవరి స్థానం ఏమిటో తెలిసిపోతుంది. ఆటలోని సైనికుడి విషయంలో మాత్రం దయ చూపారు. 2024 ఏప్రిల్ నుంచి కౌంటర్ స్ట్రైక్ 2లో హెచ్ మీట నొక్కితే చాలు, అతని తుపాకీ ఎడమ చేతికి మారుతుంది. తెరలోపల ఉన్నవాడికి చేయి మారింది, తెర ముందు కూర్చున్నవాడికి మారలేదు.

ఇదంతా నేను దుకాణంలో చెప్పాను. ఇరవై నిమిషాలు చెప్పాను. మౌసులు చూపే కుర్రవాడు ఓపికగా విన్నాడు. పక్కనే పన్నెండేళ్ల కొడుక్కి కీబోర్డు కొనడానికి వచ్చిన ఒక తండ్రి, వినక తప్పక విన్నాడు. కొడుకు మాత్రం శ్రద్ధగానే విన్నాడు, ఆ శ్రద్ధే తరువాత నా ప్రాణం మీదికి తెచ్చింది. కుర్రవాడు స్టూలెక్కి, అటక మీదినుంచి ఒక పాత మోడలు పెట్టెను దింపి, దాని మీది దుమ్మును తన చొక్కాకే తుడిచి, లోపలినుంచి చిక్కుడు గింజంత బటన్లను తీసి, ఎడమ పక్కవి ఊడబెరికి మూత వేసి, కుడి పక్కన కొత్తవి అతికించాడు. అయస్కాంతం ఉంది కాబోలు, టిక్కుమని కూర్చున్నాయి. అతను దానిని ప్రదర్శన కోసం ఉంచిన కంప్యూటరుకు కలిపి, నా ముందున్న గాజు బల్ల మీద నల్లటి ప్యాడు పరిచి, దాని నడిమధ్యన మౌసును పెట్టాడు. నడిమధ్యనే పెట్టాడు, కుడికీ కాదు, ఎడమకూ కాదు. ఆ విషయంలో అతని తప్పు ఏమీ లేదు.

"పట్టుకొని చూడన్నా" అన్నాడు.

నా కుడి చేయి లేచి వెళ్లి మౌసును పట్టుకుంది.

నేను లేపలేదు. ఈ ముక్క న్యాయస్థానంలోనైనా ప్రమాణం చేసి చెప్పగలను. ఎవరో పిలిస్తే పలికినంత సహజంగా అది వెళ్లింది, అరచేయి వెనుక ఆనింది, చూపుడువేలూ నడిమివేలూ రెండు బటన్ల మీద కుదురుకున్నాయి. ఇంకా ఘోరమేమిటంటే, నేను ఇరవై నిమిషాలుగా ఎవరి హక్కుల కోసం వాదిస్తున్నానో ఆ ఎడమ చేయి కూడా ఊరుకోలేదు. గాజు బల్ల మీద, కీబోర్డన్నది లేని చోట, అది తనంతట తానే వేళ్లు పరుచుకుని కూర్చుంది. ఇంగ్లీషు ఏ అక్షరం మీట మీద ఉంగరపు వేలు, డబ్ల్యూ మీద నడిమి వేలు, డీ మీద చూపుడు వేలు, స్పేస్ బారు మీద బొటనవేలు. గాజు కింద ఉన్నవి హెడ్‌ఫోన్లు. పాతికేళ్లుగా నా ఎడమ చేయి ఆటలో సైనికుణ్ణి నడిపించే పని చేస్తోందన్న సంగతి, దానికి మౌసు పని అప్పగిస్తే నడిపించే పని ఎవరు చేస్తారన్న ప్రశ్న, అంతవరకు నాకు తట్టనే లేదు.

ఇక్కడ నా చేతుల ఆస్తి పంపకాల గురించి కొంత చెప్పాలి. రాత ఎడమ చేతిది. కూరలు తరగడం, బంతి విసరడం, దోమను కొట్టడం కూడా దానివే. అన్నం మాత్రం కుడి చేతిది. కుడిచేది కనుకనే అది కుడి చేయి అయిందని మా తాతయ్య వ్యాకరణం చెప్పేవారు, ఆ వ్యాకరణం ఒంటబట్టే దాకా మా నాయనమ్మ నా ఎడమ చేతిని చీర కొంగుతో పట్టుకునేది. ప్రసాదం, అక్షతలు, డబ్బు పుచ్చుకోవడం కుడి చేతి ఖాతా. ఈ పంపకాలన్నీ నాకు పదేళ్లు నిండకముందే పూర్తయ్యాయి. మౌసు ఆ తరువాత వచ్చిన ఆస్తి. 1998 వేసవిలో ఖమ్మంలో ఒక కంప్యూటరు కేంద్రంలో చేరాను. చెప్పులు బయట విప్పి, కాళ్లు తుడుచుకుని ఏసీ గదిలోకి వెళ్లాలి, కంప్యూటరు మీది గుడ్డ ముసుగును మాస్టారే స్వయంగా తీయాలి. మౌసు తీగ బల్లకు కుడి వైపున వేసిన రంధ్రంలోంచి జానెడు మాత్రం పైకి వచ్చేది, మిగతాదంతా దొంగలు ఎత్తుకుపోకుండా కింద ముడి వేసి ఉండేది. ఎడమ వైపు పెట్టుకుంటానని అడిగితే మాస్టారు, వచ్చిన విద్య ముందు సరిగ్గా నేర్చుకో, తరువాత దానికి దిక్కులు మారుద్దువు అన్నారు. ఆరువందల రూపాయలు ఫీజు కట్టి చేరినవాణ్ణి కనుక మారు మాట్లాడలేదు. నా కుడి చేయి మౌసు పని ఆ జానెడు తీగ దగ్గర నేర్చింది.

నిజానికి మౌసు పుట్టిన ఇంట్లో ఎడమ చేతికి ఇంత అన్యాయం జరగలేదు. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌసును లోకానికి చూపినప్పుడు ఆయన కుడి చేతి కింద మౌసు ఉంటే, ఎడమ చేతి కింద పియానో మెట్లవంటి అయిదు మీటల పెట్టె ఒకటి ఉంది. దానితోనే అక్షరాలు కొట్టవచ్చు. మౌసు బతికి బట్టకట్టింది, ఆ అయిదు మీటల పెట్టె కనబడకుండా పోయింది. ఎవరి చేతి కింది వస్తువు పోయిందో వేరే చెప్పనక్కరలేదు.

ఇవన్నీ ఆలోచిస్తూ నేనలా ఎంతసేపు నిలబడ్డానో తెలియదు కానీ, నిశ్శబ్దాన్ని ఆ పన్నెండేళ్లవాడు చీల్చాడు.

"డాడీ, ఈ అంకుల్ రైట్ హ్యాండే కదా?"

తండ్రి వాడి భుజం నొక్కాడు. ఆ నొక్కడం వాడి నోరు మూయించడానికి కాదు, నవ్వు ఆపుకోవడానికి ఆసరాగా అని నాకు అర్థమైంది. కుర్రవాడు మర్యాదస్తుడు కనుక, "అన్నా, చెయ్యి..." అని అక్కడితో ఆగాడు.

చేయి మార్చాను. తెర మీద ఎర్రటి చుక్కలు ఒక్కొక్కటే వస్తుంటే వాటిని కాల్చాలి, ముప్పై చుక్కలు. ఎడమ చేతి కింద మౌసు, తడిసిన సబ్బులా జారిపోయింది. కర్సరు పెళ్లివారింట్లో బాత్రూము కోసం వెతికే కొత్త చుట్టంలా తెర నలుమూలలా తిరిగింది. కుర్రవాడు వేగాన్ని 1600 డీపీఐ నుంచి 800కు, అక్కడినుంచి 400కు తగ్గించాడు. పైగా ఎడమ చేత్తో పట్టుకున్నప్పుడు చూపుడువేలు కుడి బటను మీద ఉంటుంది కనుక, నేను కాల్చిన ప్రతిసారీ తూటాకు బదులు మెనూ తెరుచుకుంది. చివరికి మూడు చుక్కలు కూలాయి. నాలుగోది కూలిందనుకున్నాను కానీ, అది ఆటను మూసివేసే గుర్తు.

కుర్రవాడు సెట్టింగులలోకి వెళ్లి బటన్లు తారుమారు చేశాడు. చేసి, ఆటను మళ్లీ తెరుద్దామని తన కుడి చేత్తో మౌసు అందుకుని ఎడమ బటను నొక్కాడు. మెనూ వచ్చింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ మెనూ వచ్చింది. రోజుకు యాభై మౌసులు పట్టుకునే ఆ చేయి గాలిలో ఆగిపోయి, ఏ వేలు ఎవరిదో తేల్చుకోలేక వణికింది. పక్క దుకాణం కుర్రవాణ్ణి పిలిచాడు, అతనూ మెనూనే తెరిచాడు. ఆ దుకాణంలో ఆ ఉదయం నాకు దక్కిన న్యాయం ఆ ఒక్క నిమిషం. నేను దానిని కొంచెం సాగదీసి, సాయం చేయకుండా నిలబడ్డానని ఒప్పుకుంటున్నాను.

అప్పటికి కొనకుండా బయటపడే అవకాశం పోయింది. అటక మీదినుంచి పెట్టె దింపించి, బటన్లు ఊడబీకించి, ఇద్దరు కుర్రవాళ్లను నిలబెట్టి, చరిత్రంతా చెప్పి, ఆలోచించుకుని వస్తానంటే బాగుండదు. ఏడువేల రెండువందలన్నారు, నగదైతే మూడువందలు తగ్గిస్తామన్నారు. నోట్లు లెక్కపెట్టి యజమానికి ఎడమ చేత్తో చాచాను. ఎన్నడూ లేనిది, పంతం కొద్దీ చాచాను. పన్నెండేళ్లవాడు చూస్తున్నాడు మరి.

యజమాని నోట్లను చూడలేదు, చేతిని చూశాడు.

"బోణీ బేరం సార్. కుడి చేత్తో ఇయ్యండి."

రెండు చేతులకూ సమానంగా పనికివస్తుందని పెట్టె మీద అచ్చు వేసిన వస్తువును అమ్ముతూ, ఒక చేత్తో ఇచ్చే డబ్బు పనికిరాదనడం ఏ వ్యాపార ధర్మమో నాకు ఇప్పటికీ బోధపడలేదు. అడుగుదామని నోరు తెరిచాను కూడా. ఆయన వెనుక, అగరువత్తి వెలుగుతున్న లక్ష్మీదేవి పటం కింద, తీగ ఉన్నవీ లేనివీ కలిపి నలభై మౌసులు వేలాడుతున్నాయి, అన్నీ కుడిచేతివే. నోట్లను కుడి చేతిలోకి మార్చి ఇచ్చాను. ఆయన వాటిని కళ్లకద్దుకుని గల్లాపెట్టెలో వేసుకున్నాడు.

మూడు రాత్రులు ఎడమ చేత్తో ఆడిన సంగతి వివరించను. నా ఖాతాను ఎవరో దొంగిలించారేమోనని ఒక మిత్రుడు బెంగుళూరు నుంచి ఫోను చేసి జాగ్రత్త చెప్పాడన్నది చాలు. ప్రస్తుతం ఆ మౌసు నా కుడి చేతి కిందే ఉంది. బొటనవేలి దగ్గర నున్నటి మూత ఉంది. నేను పోరాడి పెట్టించుకున్న ఆ రెండు బటన్లూ ఉంగరపు వేలి కింద పడి, వేలు కాస్త బిగిస్తే చాలు పేజీని వెనక్కి తోస్తున్నాయి, ఈ వ్యాసంలోని మూడో పేరా ఆ విధంగా రెండుసార్లు పోయింది. వాటిని తీసివేసి పెట్టుకోవలసిన కుడి పక్క మూతా, ఎడమ పక్క బటన్లూ పెట్టె అడుగున చిన్న డబ్బాలో ఉంటాయట. కుర్రవాడు ఫోనులో చెప్పాడు. పెట్టెను మా ఆవిడ సోమవారం చెత్తబండికి వేసేసింది.