పొగకు మందు టెండర్ ఫారంలో ఉంది

ఉక్కు, సిమెంట్ కాలుష్యం మీద చర్చ ఎప్పుడు మొదలైనా అందరి చూపూ పొగ గొట్టం మీదికే పోతుంది. ఫ్యాక్టరీలు మారాలి, కొత్త టెక్నాలజీ రావాలి, సబ్సిడీ ఇవ్వాలి, కుదరకపోతే పన్ను వెయ్యాలి. ఏళ్ల తరబడి ఇదే పాట. యూరప్ 2005లోనే కార్బన్ మార్కెట్ పెట్టింది, అంటే కార్బన్ వదలాలంటే పర్మిట్లు ఉండాలంది, పెట్టి ఈ పరిశ్రమలకే బోలెడన్ని పర్మిట్లు ఉచితంగా పంచింది. ఆ ఉచితం పూర్తిగా ఆగేది 2034కి. నేనైతే అమ్మేవాణ్ని కాసేపు వదిలేసి కొనేవాణ్ని పట్టుకోమంటాను. అందులోనూ రోడ్లు, వంతెనలు, ఆనకట్టలు, ఆస్పత్రులు కట్టించే ఆ పెద్ద కొనుగోలుదారుని, అంటే ప్రభుత్వాన్ని.

ఎందుకంటే ఉక్కు, సిమెంట్‌ల చిక్కు బొగ్గు కరెంటు మానేసి శుభ్రమైన కరెంటు వాడితే తీరేది కాదు. సున్నపురాయిని దాదాపు 1,450 డిగ్రీల దాకా కాలిస్తే క్లింకర్ వస్తుంది, దాన్ని పొడి చేస్తే సిమెంట్. బొగ్గు పూర్తిగా మానేసినా సరే, వంద కిలోల స్వచ్ఛమైన కాల్షియం కార్బొనేట్ నుంచి 56 కిలోల సున్నం మిగిలి 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. రాయి గుణమే అది. సిమెంట్ తయారీలో వెలువడే దాంట్లో సుమారు 60 శాతం ఇలా రాయిలోంచి వచ్చేదే. ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్‌లోనూ అంతే, బొగ్గు నుంచి చేసే కోక్ వేసేది వేడి కోసం ఒక్కటే కాదు, ఖనిజంలోని ఆక్సిజన్‌ని లాగెయ్యడానికి కూడా. టన్ను ఉక్కుకి సుమారు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తోందంటే అందుకే.

దారులు లేవా అంటే ఉన్నాయి. స్వీడన్‌లో హైబ్రిట్ ప్రాజెక్టు బొగ్గుకి బదులు హైడ్రోజన్ వాడి, 2021లో తొలి ఉక్కుని వోల్వోకి పంపింది. నార్వేలోని బ్రెవిక్ సిమెంట్ ఫ్యాక్టరీలో ఏడాదికి 4 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ని పట్టి సముద్రగర్భంలో దాచే ఏర్పాటు 2025లో మొదలైంది. ఇంత ఖర్చు లేకుండానే, క్లింకర్‌ని సగానికి తగ్గించి కాల్చిన బంకమట్టి, సున్నపురాయి పొడి కలిపే ఎల్‌సీ3 సిమెంట్ ఉంది. ఆ మట్టికి 800 డిగ్రీల వేడి చాలు, కార్బన్ 40 శాతం దాకా తగ్గుతుంది.

మరి ఎక్కడ ఆగింది? 2025 జూన్‌లో ఉక్కు కంపెనీ ఆర్సెలర్ మిట్టల్ ఏం చేసిందో చూడండి. జర్మనీలోని బ్రెమెన్, ఐజెన్‌హ్యూటెన్‌స్టాట్ ప్లాంట్లని తక్కువ కార్బన్ పద్ధతికి మార్చడానికి 130 కోట్ల యూరోల సర్కారు సాయం చేతికందేలా ఉంటే, వద్దని పక్కకి తప్పుకుంది. కరెంటు ఖరీదు, మార్కెట్ బాగాలేదు అంది. కట్టడానికి డబ్బిస్తామన్నా కట్టలేదంటే, కట్టాక ఆ ధరకి సరుకు కొనేవాడు కనబడలేదనే నేను అర్థం చేసుకుంటాను. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత ఈ గ్రీన్ స్టీల్, అంటే తక్కువ కార్బన్‌తో చేసే ఉక్కు కోసమే పుట్టినట్టుంది.

నిజానికి ఆ కొరివి అంత కాలేది కూడా కాదు, ఈ లెక్క ఎవరూ జనానికి గట్టిగా చెప్పరని నా బాధ. ఒక కారులో 900 కిలోల ఉక్కు ఉందనుకోండి, టన్ను 700 డాలర్లు, శుభ్రమైన ఉక్కుకి 30 శాతం ఎక్కువ. అదనంగా పడేది 190 డాలర్లు. కారు 30 వేల డాలర్లయితే అది ఒక శాతం కూడా కాదు, రంగు మార్చినా, సీటు కవర్ మంచిది వేయించుకున్నా అంతకంటే ఎక్కువే అవుతుంది. ఉక్కు కంపెనీకి ప్రాణసంకటమైన తేడా, చివర్లో కొనేవాడి దాకా వచ్చేసరికి కనబడకుండా పోతోంది. మధ్యలో ఉన్న కాంట్రాక్టరుకి మాత్రం కనబడుతుంది, ఎందుకంటే అతను గెలిచేది టన్ను మీద పది రూపాయలు తగ్గించే కదా.

ఇక్కడే టెండర్ ఫారం వస్తుంది. చాలా చోట్ల స్పెసిఫికేషన్‌లో ఇంత క్లింకర్ ఉన్న ఫలానా రకం సిమెంటే వాడాలని రాసి ఉంటుంది. ఎంత బరువు మొయ్యాలి, ఎన్నేళ్లు నిలవాలి అని అడిగితే ఎల్‌సీ3 లాంటివి పోటీకొస్తాయి. వంటకం రుచి చూడకుండా పప్పులో ఎన్ని మిరపకాయలు వేశావని అడిగే జడ్జి లాంటిది, ఫలానా రకమే వాడాలనే ఈ పద్ధతి. కాలిఫోర్నియా 2017లో బై క్లీన్ చట్టం తెచ్చి, ప్రభుత్వ పనుల్లో వాడే ఉక్కు, గాజు, ఇన్సులేషన్‌కి కార్బన్ పరిమితి పెట్టింది. ఆకాశమేం ఊడిపడలేదు. కాంక్రీట్‌ని అందులో చేర్చలేదు, అదొక్కటే నాకు నచ్చనిది.

పేద దేశాలు ఇప్పుడిప్పుడే ఇళ్లూ రోడ్లూ కట్టుకుంటుంటే ఈ అదనపు ధర వాటి నెత్తిన రుద్దడం అన్యాయం కదా అంటారు. హైడ్రోజన్ ఉక్కు విషయంలో ఆ మాటకి విలువిస్తాను, ముందు ధనిక దేశాలే కొనాలి. సిమెంట్ విషయంలో ఒప్పుకోను, మట్టి కలిపితే ఖర్చు తప్పనిసరిగా పెరగాలనేం లేదు.

ప్రభుత్వాలు కొంటే పరిశ్రమ మారదు అనేవాళ్లకి 1960లు గుర్తుచెయ్యాలి. అప్పట్లో ఖరీదు చూసి అందరూ వెనకాడిన మైక్రోచిప్‌లని అమెరికా చంద్రుడి మీదికి మనిషిని పంపిన అపోలో కార్యక్రమం, వాళ్ల మినిట్‌మన్ క్షిపణి విభాగం గుట్టలుగా కొన్నాయి. ధర దిగింది, తర్వాత మామూలు కంపెనీలు కొన్నాయి. సబ్సిడీ చెక్కు కంటే కొనుగోలు ఆర్డరుకే బలం ఎక్కువ, ఎందుకంటే ఆర్డరుంటే బ్యాంకు అప్పిస్తుంది.

అసలు నా కోపం ఉక్కు మీదా సిమెంట్ మీదా కూడా కాదు, తక్కువ కోట్ వేసినవాడికే పని అనే ఆ ఒక్క అలవాటు మీద. మొదటి వానకే లేచిపోయే రోడ్డూ, ఏడాది తిరక్కుండా చెమ్మెక్కే గోడా దాని పిల్లలే. ధర తప్ప ఇంకేదీ కొలవడం రాని ఆఫీసుకి కార్బన్ కొలవడం మాత్రం ఎలా వస్తుంది? అలాగని కొలత లేకపోలేదు. సరుకు తయారీలో ఎంత కార్బన్ వెలువడిందో చెప్పే డిక్లరేషన్, బిస్కెట్ ప్యాకెట్ మీద కేలరీల పట్టీలాగా, చాలా కంపెనీలు ఇప్పటికే ఇస్తున్నాయి. ఆ అంకె రాసుకోవడానికి టెండర్ ఫారంలో ధర గడి పక్కన ఇంకో గడి గియ్యాలి, దానికి మార్కులు పెట్టాలి. దానికి కొత్త ఫర్నేసూ అక్కర్లేదు, హైడ్రోజనూ అక్కర్లేదు, ఒక సంతకం కావాలి.