ఎల్ఎస్-వీటెక్‌కు టర్బో పెడితే రాడ్ బయటికొస్తుందా?

చిన్న కార్లకు ఇంజిన్ మార్పులు చేసుకునేవాళ్ల మధ్య ఏళ్లుగా తిరుగుతున్న మాట ఇది: "హైబ్రిడ్ ఇంజిన్ టైమ్ బాంబు. దానికి టర్బో కూడా తగిలిస్తే రాడ్ బ్లాకును చీల్చుకుని బయటికొస్తుంది. తప్పదంటే ఫోర్జ్‌డ్ పిస్టన్లు వేయించి కంప్రెషన్ 8:1కి దించు, ఇక దానికి చావు లేదు." రాడ్ అంటే పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కడ్డీ; టర్బో అంటే ఇంజిన్‌లోకి అదనపు ఒత్తిడితో (అదే బూస్ట్) గాలిని కుక్కే పరికరం; ఫోర్జ్‌డ్ అంటే పోత పోయకుండా లోహాన్ని నొక్కి చేసినది; కంప్రెషన్ అంటే సిలిండర్‌లోని గాలి ఎన్నో వంతుకు నలుగుతుందనే నిష్పత్తి. హైబ్రిడ్ అంటే ఇక్కడ బ్యాటరీ బండి కాదు. హోండా బీ18బీ (ఎల్ఎస్) ఇంజిన్ బ్లాకు మీద బీ16ఏ లాంటి మరో హోండా ఇంజిన్ వీటెక్ హెడ్ ఎక్కించిన కలగూరగంప. వీటెక్ అంటే ఎక్కువ ఆర్‌పీఎంలో వాల్వులను ఇంకా ఎక్కువ తెరిచే హోండా ఏర్పాటు. ఆ మాటలో భయపెట్టే సగం తప్పు, ధైర్యం చెప్పే సగం అంతకంటే తప్పు.

"రాడ్ రేషియో 1.54, అందుకే నిలవదు."

లెక్క సరైనదే: రాడ్ పొడవు 137 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 89 మి.మీ.; మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే ఈ రేషియో. కానీ హోండావారి కే24 ఇంజిన్‌లో రాడ్ 152, స్ట్రోక్ 99, అదీ 1.54 దగ్గరే. ఏళ్ల తరబడి ఫ్యామిలీ కార్లను లాగిన ఇంజిన్ అది. 8,400 ఆర్‌పీఎం రెడ్‌లైన్ (దాటకూడని వేగం) ఉన్న ఇంటిగ్రా టైప్ ఆర్ బీ18సీలో రేషియో 1.58. ఈ కాస్త తేడాకే ఒకటి ముక్కలై మరొకటి బతుకుతుందంటే నమ్మబుద్ధి కాదు.

ఎల్ఎస్ ఇంజిన్లు పోయేది రాడ్ బోల్ట్ దగ్గర. ఎల్ఎస్ రెడ్‌లైన్ 6,800. వీటెక్ హెడ్ వచ్చింది కదా అని 8,200 దాకా తిప్పితే, జడత్వ బలం ఆర్‌పీఎం వర్గంతో పెరుగుతుంది కాబట్టి, బోల్ట్ మీద లాగుడు 45 శాతం ఎక్కువవుతుంది. ఈ లాగుడు గరిష్ఠమయ్యేది ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర, పిస్టన్ పైకి వెళ్లి ఆగే క్షణంలో. అప్పుడు పైనుంచి నొక్కి పట్టే మంట ఒత్తిడి ఉండదు. అంటే బోల్ట్‌ను తెంపేది ఆర్‌పీఎం. బూస్ట్ చేసేది రాడ్‌ను వంచడం. టర్బోతో టార్క్ మధ్య ఆర్‌పీఎంలోనే దొరుకుతుంది కనుక లిమిటర్ (ఇంజిన్ అంతకు మించి తిరగకుండా ఆపే ఏర్పాటు) 7,200 దగ్గర పెడితే చాలు. అక్కడ సగటు పిస్టన్ వేగం సెకనుకు 21.4 మీటర్లు, 8,200 దగ్గర తిరిగే బీ16ఏతో దాదాపు సమానం. రాడ్లు, బోల్టులు ఫోర్జ్‌డ్‌వే వేయండి. బోల్టును టార్క్ రెంచ్ అంకెతో కాక సాగుదల కొలిచి బిగించండి.

(7,200లో ఆపేటట్లయితే వీటెక్ హెడ్ ఎందుకని అడగొచ్చు. గాలి బాగా పారుతుంది కాబట్టి అదే శక్తి తక్కువ బూస్ట్‌తో వస్తుంది. 200 హెచ్‌పీ చాలనుకునేవాళ్లు మాత్రం ఎల్ఎస్ హెడ్‌నే ఉంచుకుంటే బోలెడు తలనొప్పి తప్పుతుంది.)

"ఆయిల్ లైన్ ఎలాగూ కారుతుంది."

ఇందులో కొంత నిజముంది, కానీ తప్పు అమర్చేవాడిదే. వీటెక్ సోలనాయిడ్‌కు (వీటెక్‌ను పనిచేయించే ఆయిల్‌ను వదిలే కరెంటు వాల్వుకు) ఆయిల్ పంపే దారి ఎల్ఎస్ బ్లాకు పైముఖంలో లేదు. అందుకే హెడ్ అడుగున ఆ రంధ్రంలో మరలు కోసి ప్లగ్‌తో మూసి, హెడ్ పక్కన కొత్త మర కోసి, బయటి గొట్టంతో ఆయిల్ ఇస్తారు. ఆయిల్ ప్రెషర్ స్విచ్ ఉండే రంధ్రం నుంచి ఆ ఆయిల్ తీసుకునేటప్పుడే చాలామంది బోల్తా పడతారు. అది 1/8 బీఎస్‌పీటీ (బ్రిటిష్ పైపు మర కొలత), అంగుళానికి 28 మరలు. దుకాణంలో చేతికిచ్చేది 1/8 ఎన్‌పీటీ (అమెరికన్ కొలత), 27 మరలు. మొదటి రెండు చుట్లు హాయిగా ఎక్కుతుంది, ఆ తర్వాత బలవంతపెడితే అల్యూమినియం పగులుతుంది. రెండో తప్పు, ఆ రంధ్రానికే మూడు దారుల ఇత్తడి టీ కీలు, దానికి బరువైన గేజ్ సెన్సర్, టర్బోకు ఆయిల్ ఇచ్చే గొట్టం అన్నీ వేలాడదీయడం. అదురుకు ఇత్తడి మెడ దగ్గర తెగుతుంది. ఆయిల్ ఫిల్టర్ కింద శాండ్‌విచ్ ప్లేట్ (ఆయిల్ తీసుకునే రంధ్రాలున్న పళ్లెం) వేసి, అల్లిక గొట్టాలను క్లిప్పులతో పట్టించి, సెన్సర్‌ను బాడీకి బిగిస్తే ఆ బాధ ఉండదు.

హెడ్‌కూ బ్లాకుకూ డోవెల్ పిన్నుల (రెండింటినీ సరైన చోట కూర్చోబెట్టే పిన్నుల) కొలతలు కలవవు. పిన్నులు తీసేసి కూర్చోబెడితే గ్యాస్కెట్ పక్కకు జరుగుతుంది; అలా చేయొద్దు. స్టడ్లను (హెడ్‌ను పట్టి ఉంచే మరల కడ్డీలను) బ్లాకులోకి చేత్తో బిగువు చేస్తే చాలు, టార్క్ పెట్టాల్సింది నట్టుకు.

"ఫోర్జ్‌డ్ వేస్తే చావు లేదు, కంప్రెషన్ 8:1 తప్పనిసరి."

నాకింగ్ (పెట్రోలు మిశ్రమం తనంతట తాను పేలడం) మొదలైతే ఫోర్జ్‌డ్ పిస్టన్ కొంచెం ఆలస్యంగా పోతుంది, అంతే. రోజూ నడిపే కారుకు 2618 అల్యూమినియం మిశ్రమం కన్నా సిలికాన్ ఎక్కువున్న 4032 నయం: వ్యాకోచం తక్కువ కాబట్టి పిస్టన్‌కూ సిలిండర్‌కూ మధ్య సందు తక్కువ పెట్టుకోవచ్చు, చల్లగా ఉన్నప్పుడు టకటకలు రావు. 81 మి.మీ. బోర్‌కు (సిలిండర్ వ్యాసానికి) పై పిస్టన్ రింగ్ గ్యాప్, అంటే రింగు కొసల మధ్య సందు, 0.36 నుంచి 0.40 మి.మీ., రెండోది 0.45. గ్యాప్ చాలకపోతే వేడికి రింగు కొసలు ఒకదానికొకటి తగిలి పిస్టన్ అంచు విరుగుతుంది. చూసినవాళ్లు నింద టర్బో మీద వేస్తారు.

8:1కి దించితే బూస్ట్ రాకముందు బండి మొద్దుబారుతుంది, పెట్రోలూ ఎక్కువ తాగుతుంది. 0.5-0.7 బార్ బూస్ట్‌కు 9:1 సరిపోతుంది. ఒక్కో సిలిండర్ 458.6 సీసీ కాబట్టి 9:1కి పైన మిగలాల్సిన మొత్తం ఖాళీ 57.3 సీసీ. వీటెక్ హెడ్ చాంబర్ ఎల్ఎస్‌ది కంటే చిన్నది కనుక పిస్టన్ డబ్బా మీది అంకెను నమ్మకుండా బ్యూరెట్‌తో కొలవండి.

"ఎఫ్ఎంయూ పెట్టు, ట్యూనింగ్ అక్కర్లేదు."

ఎఫ్ఎంయూ అంటే బూస్ట్ పెరిగే కొద్దీ పెట్రోల్ ఒత్తిడిని పెంచే రెగ్యులేటర్. ఈ ఒక్క సలహా పాడుచేసినన్ని ఇంజిన్లు పై మూడూ కలిసినా పాడుచేసి ఉండవు. క్రాంక్ దగ్గర 250 హెచ్‌పీకి, 80 శాతం డ్యూటీ (ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయం) లెక్కన, ఒక్కో ఇంజెక్టర్ నిమిషానికి సుమారు 475 సీసీది కావాలి; 550 కొనండి. కంపెనీ ఇంజెక్టర్ 3 బార్ దగ్గర 240 సీసీది. ప్రవాహం ఒత్తిడి వర్గమూలంతోనే పెరుగుతుంది కాబట్టి దాన్నే 475కి లాగాలంటే దాదాపు 12 బార్ కావాలి. అంత ఒత్తిడిలో పంపు చేతులెత్తేస్తుంది, ఇంజెక్టర్ తెరుచుకోవడానికే మొరాయిస్తుంది, మిశ్రమం పలచబడి పిస్టన్ కరుగుతుంది. ప్రోగ్రామ్ చేయగల ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్), ఎగ్జాస్ట్‌లో మిశ్రమాన్ని కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టి, బూస్ట్‌లో గాలి-పెట్రోల్ నిష్పత్తి 11.5-11.8 దగ్గర ఉంచి, ప్రతి 0.07 బార్‌కు 1 డిగ్రీ చొప్పున స్పార్క్ టైమింగ్ తగ్గించి మొదలుపెట్టాలి. స్పార్క్ ప్లగ్ ఒక మెట్టు చల్లనిది (వేడిని త్వరగా వదిలేది), గ్యాప్ 0.7 మి.మీ.

"కలగూర ఏదైనా ఒకటే" అనే మాటకు ఒక్క చోట తలూపాలి: హోండా బీ20 ఇంజిన్ బ్లాకు. దాని బోర్ 84 మి.మీ., గోడలు పలచన. స్లీవులు (సిలిండర్ లోపల వేసే గట్టి గొట్టాలు) వేయించకుండా దానికి టర్బో వద్దన్నవాళ్ల మాట వినండి.