ఎత్తే ముందు వాణ్ణి ఒక మాట అడగండి

ఎండలు ముదిరితే మన రాష్ట్రంలో బళ్ళలో 'వాటర్ బెల్' కొడుతున్నారు. గంట మోగగానే పిల్లలంతా సీసాలు తీసి నీళ్ళు తాగాలి. మంచి ఆలోచనే. అనంతపురంలో మార్చి నుంచే ఎండ నెత్తి మీద కూర్చుంటుంది. మా అక్క కొడుకు కూడా గంట కొట్టినప్పుడల్లా రెండు చేతులతో సీసా పట్టుకునేవాడు. పెదాలు తడుపుకొని దించేసేవాడు. పొద్దున అక్క నింపి పంపిన లీటరు సీసా సాయంత్రం దాదాపు అంతే బరువుతో ఇంటికొచ్చేది. "ఎందుకు తాగలేదురా?" అంటే "దప్పిక కాలేదు మామా" అనేవాడు.

అసలు సంగతి తెలియడానికి మాకు ఏడాది పట్టింది. నీళ్ళు తాగితే బాత్రూముకు పోవాలి. పోవాలంటే ఎవరినన్నా పిలవాలి. ఇద్దరు పిల్లలు చంకల కింద చేతులు వేసి మోసుకుపోవాలి, లోపల ఒకడు ప్యాంటు సర్దాలి. వాడికి అప్పుడు పద్నాలుగేళ్ళు. వెనక బెంచీల్లో ఆడపిల్లలు. అందుకని పొద్దున ఇల్లు వదిలినప్పటి నుంచి సాయంత్రం తిరిగొచ్చేదాకా నోరు కట్టేసుకున్నాడు.

వాడికున్నది డుషెన్ మస్క్యులర్ డిస్ట్రఫీ. డాక్టర్లు డీఎండీ అంటారు. కండరాన్ని గట్టిగా నిలబెట్టే డిస్ట్రోఫిన్ అనే ప్రోటీను ఒంట్లో తయారు కాదు. కండ కొంచెం కొంచెంగా కరిగిపోయి దాని స్థానంలో కొవ్వు చేరుతుంది. ఆ ప్రోటీను తాలూకు జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది, మగపిల్లలకు ఆ క్రోమోజోము ఒక్కటే కాబట్టి ఈ జబ్బు వచ్చేది దాదాపు మగపిల్లలకే. సుమారు 3,500 నుంచి 5,000 మంది మగశిశువుల్లో ఒకరికి వస్తుంది. మూడు నాలుగేళ్ళప్పుడు ఊరికే పడిపోతుంటారు, తొడల మీద చేతులు ఆనించుకుని లేస్తారు, పిక్కలు మాత్రం లావుగా కనిపిస్తాయి. మావాడి పిక్కలు చూసి మేము మురిసిపోయాం, పహిల్వాన్ అవుతాడని. తరవాత పుత్తూరు కట్టు అయింది, కసాపురం ఆంజనేయస్వామికి మొక్కు అయింది, తాయెత్తు అయింది. చివరికి ఎవరో, కండరాలు దెబ్బతింటున్నాయేమో చెప్పే సీపీకే రక్తపరీక్ష చేయించమన్నారు. వందల్లో ఉండాల్సిన అంకె వేలల్లో ఉంది. పన్నెండో ఏట వాడి నడక ఆగిపోయింది.

ఇలాంటి ఇంటి గురించి రాసేటప్పుడు 'పాపం' అనే మాటతో మొదలుపెట్టడం మనకు అలవాటు. నేను దాని జోలికి పోను. సీమలో పడిపోయినవాణ్ణి ఎత్తడానికి చేతులకు కొదవ లేదు. వీల్‌చైర్ కాలవ గట్టు దగ్గర ఇరుక్కుంటే చాలు, టీ అంగట్లో కూర్చున్న నలుగురూ గ్లాసులు పెట్టేసి వస్తారు. "పా రా అబ్బయ్యా" అని కుర్చీతో సహా ఎత్తి అవతల పెడతారు. వాళ్ళ మంచితనాన్ని నేను శంకించను. కానీ ఎక్కడికి పోతున్నావని ఒక్కరూ వాణ్ణి అడగరు. ఒకసారి వాడు అవతలికి పోవాలనుకోనే లేదు, ఇవతల నీడలో కూర్చుందామనుకున్నాడు.

ఐదేళ్ళ పిల్లోణ్ణి మోయడం ఒకటి, పద్నాలుగేళ్ళవాణ్ణి మోయడం ఒకటి. బరువొక్కటే తేడా కాదు. ఆ ఈడులో మిగతా పిల్లలు ఏం చేస్తారు? ఇంట్లో చెప్పకుండా సినిమాకు పోతారు, తలుపు గడియ పెట్టుకుంటారు, అమ్మ దువ్విన క్రాఫు చెరిపేసి తామే దువ్వుకుంటారు. తమ ఒళ్ళు తమది అని తెలుసుకునే వయసది. సరిగ్గా అప్పుడే ఈ జబ్బు పిల్లోణ్ణి మళ్ళీ చంటిబిడ్డను చేస్తుంది. స్నానం అమ్మ చేయించాలి, రాత్రి పక్క మీద అటు తిప్పాలన్నా అమ్మే లేవాలి. జబ్బు తీసుకునేది కాళ్ళనూ చేతులనూ. గడియ పెట్టుకునే హక్కును, ఎవరు ముట్టుకోవాలో చెప్పే హక్కును తీసేసుకుంటున్నది మనం.

మాత్రల సంగతి చూడండి. ఈ జబ్బుకు పూర్తిగా నయం చేసే మందు లేదు కానీ స్టెరాయిడ్లు నడకను, చేతుల బలాన్ని, ఊపిరిని కొంతకాలం ఎక్కువ నిలబెడతాయి. వాటితో ముఖం ఉబ్బుతుంది, ఒళ్ళు పెరుగుతుంది, ఎత్తు పెరగదు, చిరాకు వస్తుంది. క్లాసులో వాడికి 'బన్ను' అని పేరు పెట్టారు. ఒకరోజు అక్క దిండు గలీబు ఉతకడానికి తీస్తే లోపల పదకొండు మాత్రలు దొరికాయి. అక్క ఏడ్చింది, బావ అరిచాడు. స్టెరాయిడ్లు ఉన్నట్టుండి మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఆ మాట డాక్టరు బావకు చెప్పాడు. బావ అక్కకు చెప్పాడు. మింగాల్సినవాడికి మాత్రం "బలానికి" అని చెప్పాం. బలం రావడం లేదని వాడికి కనిపిస్తూనే ఉంది, ముఖం ఉబ్బడమూ కనిపిస్తోంది. వాడి లెక్క ప్రకారం వాడు చేసింది తప్పే కాదు.

బెంగళూరులో ఒక పెద్ద ఆసుపత్రికి వాణ్ణి నేనే తీసుకుపోయేవాణ్ణి. ప్రతిసారీ జరిగేది ఒకటే. పరీక్షలన్నీ వాడికి, మాటలన్నీ నాతో. చివర్లో డాక్టరు "మీరొక్క నిమిషం బయటికి రండి" అంటాడు. కారిడార్లో గుండె గురించి, ఊపిరితిత్తుల గురించి చెప్తాడు. ఏటా ఎకో తీయించాలి, శ్వాస పరీక్ష చేయించాలి, కూర్చునే తీరు చూసుకోకపోతే వెన్ను వంకర పోతుంది. నేను లోపలికొచ్చి నవ్వుముఖం పెడతాను. ఒకసారి తిరుగు ప్రయాణంలో కొడికొండ చెక్‌పోస్టు దాటాక వాడు కిటికీలోంచి చూస్తూ అడిగాడు: "మామా, బయటికి పిలిచి ఏం చెప్పినాడు?" నాకు గొంతు ఎండిపోయింది. ఏం అబద్ధం చెప్పాలా అని వెతుక్కుంటుంటే వాడే మళ్ళీ అన్నాడు: "టెన్త్ పరీక్షలో నాకు రాసేవాళ్ళను ఇస్తారా అని అడిగినావా? అరగంట రాస్తే చెయ్యి పడిపోతాంది."

వాడు ఎంత బతుకుతాడోనని నేను టెన్షన్ పడుతున్నాను. వాడికి పబ్లిక్ పరీక్ష టెన్షన్. ఇద్దరిలో ఎవరు తెలివిగా ఆలోచిస్తున్నారో అప్పుడే తెలిసింది. గుండె మందులు, రాత్రిపూట ఊపిరికి సాయపడే యంత్రాలు వేళకు అందినచోట ఈ జబ్బున్నవాళ్ళు ముప్పై ఏళ్ళు దాటి బతుకుతున్నారు. అంటే డిగ్రీ ఉంటుంది, ఉద్యోగం ఉండొచ్చు. పరీక్ష గురించి అడగడం పిచ్చి కాదు.

రాసేవాళ్ళను ఇస్తారు. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం కూడా ఇవ్వాలన్నాయి. నలభై శాతం వైకల్యం ఉంటేనే అని చాలాచోట్ల అంటారు. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఆ మాటను కొట్టేసింది. రాసేటప్పుడు చెయ్యి కొంకర్లు పోయే ఆ అభ్యర్థికి నలభై శాతం లేకపోయినా సహాయకుణ్ణి ఇవ్వాల్సిందే అంది. తరవాతి ఏడాది కేంద్రం దానికి వేరే మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. పిల్లలకు వచ్చే కీళ్ళవాపు జబ్బు జువెనైల్ ఆర్థరైటిస్‌తో వేళ్ళు వాచిన పిల్లల తల్లిదండ్రులకూ, సర్టిఫికెట్లో ముప్పై శాతం దగ్గర ఆగిపోయినవాళ్ళకూ ఇది తెలియాలి.

బడి సంగతికొస్తే, మస్క్యులర్ డిస్ట్రఫీని విడిగా గుర్తించింది 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమే. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలు ఉండేవి, ఇందులో 21 ఉన్నాయి. నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా దగ్గరి బడిలో ఉచితంగా చదువు చెప్పాలని అదే చట్టంలో ఉంది. కాగితం బాగుంది. మావాడి బడిలో ర్యాంపు కూడా ఉంది. బడి పోలింగ్ కేంద్రం కూడా కాబట్టి ఎన్నికలప్పుడు వేశారని అక్కడివాళ్ళే చెప్తారు. ఓటుకున్న విలువ చదువుకు ఎప్పుడొస్తుందో. సరే, ఆ ర్యాంపును నేను టేపు పెట్టి కొలిచాను. వరండా ఎత్తు రెండడుగులు. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది నిబంధన, అంటే ఇరవై నాలుగు అడుగులు కావాలి. ఉన్నది ఎనిమిది. దాని మీద వీల్‌చైర్ ఎక్కించాలంటే ఇద్దరు తొయ్యాలి, దించేటప్పుడు ముగ్గురు పట్టుకోవాలి. సాయంత్రాలు పిల్లలు దాని మీద సైకిళ్ళతో జారుతుంటారు. బాత్రూములు నాడు-నేడులో కొత్తగా కట్టారు, నీళ్ళూ వస్తాయి. తలుపు వెడల్పు మాత్రం కుర్చీ పట్టదు.

ర్యాంపు కోసం, తలుపు కోసం బావ అర్జీలు పెట్టాడు, తిరిగాడు. అవి ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. నీళ్ళ సీసా సమస్య తీరింది మాత్రం అర్జీతో కాదు. ఆటవస్తువులు పెట్టే గది ఖాళీగా ఉంటే హెడ్మాస్టరు గారు తాళంచెవి ఇచ్చారు. మెడికల్ షాపులో దొరికే ప్లాస్టిక్ యూరిన్ పాట్ ఒకటి, కుర్చీలో కూర్చుని అందేంత కిందికి లోపలివైపు ఒక గడియ. నాతో వడ్రంగి దగ్గరికి వచ్చి గడియ ఎంత ఎత్తులో ఉండాలో చెయ్యి చాపి చూపించింది మావాడే. ఇన్నాళ్ళూ మేమెవ్వరం వాణ్ణి అడగలేదు, నీకేం కావాలిరా అని. పెద్ద ర్యాంపు గురించి పోట్లాడుతూ చిన్న గడియ మర్చిపోయాం.

పింఛను దగ్గర ఇంకో తిరకాసు ఉంది. 2024 జూలై నుంచి రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 6,000 రూపాయలు, మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్ళకు 15,000. ఆ డబ్బు లేకపోతే మా అక్క ఇల్లు గడవదు, ఆ మాట దాచేది లేదు. 2025 జనవరిలో 15,000 తీసుకునేవాళ్ళ ఇళ్ళకు డాక్టర్ల బృందాలు వచ్చి మళ్ళీ పరీక్షించాయి. అనర్హులు ఉన్నారంటే చూడాల్సిందే. కానీ ముందుకే తప్ప వెనక్కి పోని జబ్బుకు మళ్ళీ పరీక్ష ఎందుకో నాకైతే బోధపడలేదు. వాళ్ళు వచ్చేరోజు పొద్దున అక్క కొడుకుతో అంది: "వాళ్ళ ముందర చేతులు ఎత్తొద్దు నాయనా." సీసా పట్టుకోగలనని, సొంతంగా క్రాఫు దువ్వుకోగలనని గర్వపడే పిల్లోడు ఆ పూటంతా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎంత చేతకానివాడిగా కనిపిస్తే అంత భద్రత అన్న పాఠం వాడికి ఎవరు నేర్పినట్టు? అక్కను తప్పుపట్టలేను. ఆ అంకెలు నేర్పాయి.

అక్క గురించి కూడా ఒక మాట. ఆమెది మేనరికం. సీమలో అది కొత్తేమీ కాదు. దాంతో ఊరంతా "మేనరికం చేసుకుంటే ఇంతే" అని తీర్పు చెప్పేశారు. కొన్ని ఇతర కండరాల జబ్బుల్లో మేనరికానికి పాత్ర ఉంటుంది, డీఎండీలో లేదు. బయటి సంబంధం చేసుకున్నా వచ్చేదే. దాదాపు మూడోవంతు కేసుల్లో తల్లిలో కూడా లోపం ఉండదు, బిడ్డలోనే కొత్తగా పుడుతుంది. నిజానికి తెలుసుకోవాల్సింది వేరే ఉంది. తల్లిలో లోపం ఉంటే కూతుళ్ళు దాన్ని మోసే అవకాశం సగం సగం. మా మేనకోడలికి పంతొమ్మిదేళ్ళు. పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు కానీ జన్యు పరీక్ష మాట ఎత్తితే ఇంట్లో మౌనం. అక్కడ కూడా ఆ పిల్లను ఎవరూ అడగలేదు.

కొడుకు నలభై ఎనిమిది కిలోలు, అక్క యాభై ఉంటుందేమో. రోజుకు ఎన్నిసార్లు ఎత్తుతుందో లెక్కపెట్టమంటే పదహారు దగ్గర ఆపేసింది, ఇంకా సాయంత్రం కాలేదు. నడుముకు బెల్టు వేసుకుని వంట చేస్తుంది. ప్రత్యేక అవసరాలున్న ఒక్కో బిడ్డకు సమగ్ర శిక్షలో ఏడాదికి 3,500 రూపాయలు లెక్క కడతారు. ఆమె నడుముకు ఏ పద్దులోనూ చోటు లేదు.

ఆమెకు ఎత్తే పద్ధతి నేర్పింది మండలంలో ఇలాంటి పిల్లల కోసం నడిపే భవిత కేంద్రానికి వచ్చే ఫిజియోథెరపిస్ట్. మొదటిరోజే ఆమె అక్కతో కాదు, వాడితో మాట్లాడింది. ఏ పక్క నుంచి పట్టుకుంటే నొప్పి లేదు, ఎక్కడ పట్టుకుంటే చక్కిలిగింత అని అడిగి తెలుసుకుంది. తరవాత ఒక నియమం పెట్టింది. ఒకటి, రెండు, మూడు లెక్క ఎత్తేవాళ్ళు పెట్టకూడదు, వాడే పెట్టాలి. మూడు అని వాడంటేనే ఎవరైనా ఎత్తాలి.

ఇప్పుడు బడిలో కూడా అదే నియమం. ఈమధ్య ఒకరోజు తీసుకురావడానికి పోతే ర్యాంపు పైన ముగ్గురు పిల్లలు కుర్చీ పట్టుకుని, నడుములు వంచి నిలబడి ఉన్నారు. మావాడు "ఒకటి" అన్నాడు. "రెండు" అన్నాడు. తరవాత ఊరుకున్నాడు. "చెప్పురా సామీ, చేతులు పడిపోతున్నాయి" అని వాళ్ళు మొత్తుకుంటుంటే వాడు తీరిగ్గా గ్రౌండు వైపు చూస్తున్నాడు.