సవరణ: ఆ 120 రోజులు పోలింగ్ నుంచి కాదు

అమెరికా యూనివర్సిటీల్లో ఓటరు నమోదు గురించి రాసిన పాత పోస్టులో, విద్యార్థులకు పంచే నమోదు ఫారాలు ఇమ్మని యూనివర్సిటీ రాష్ట్రాన్ని పోలింగ్‌కు 120 రోజుల ముందు అడగాలన్నాం. తప్పు. ఉన్నత విద్యా చట్టం ప్రకారం ఆ లెక్క నమోదు గడువు నుంచి వెనక్కి వేయాలి. గడువు పోలింగ్‌కు 30 రోజుల ముందే ముగిసే రాష్ట్రంలో మొత్తం 150 రోజులవుతుంది. నవంబరు మొదట్లో ఎన్నికలంటే జూన్ మొదట్లోనే అడగాలి. అప్పటికి సెలవులు. అధ్యాపకులు మేలోనే రిజిస్ట్రార్‌కు గుర్తుచేయకపోతే పని జారిపోయేది అక్కడే. (మిన్నెసోటా, విస్కాన్సిన్ సహా ఆరు రాష్ట్రాలకు ఈ నిబంధన లేదు.)

విద్యార్థులకు ఫారాన్ని ఈమెయిల్‌లో పంపినా చాలని ఆ పోస్టులో అన్నది నిజమే. కానీ అందులో ఓటరు నమోదు తప్ప మరో విషయం ఉండకూడదు. పరీక్షల టైమ్‌టేబుల్ కింద లింకు అతికిస్తే చెల్లదు.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు "క్లాసులో అందరిచేతా నింపించండి" అనడం. ఎఫ్-1 వీసా విద్యార్థులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు సంతకం చేయకూడదు. ఆ సంతకం అంటే అమెరికా పౌరులమని ప్రకటించడమే; అలా తప్పుగా ప్రకటిస్తే దేశం నుంచి పంపించేసే ప్రమాదముంది. ఫారం చేతికిచ్చే ముందే ఆ సంగతి చెప్పాలి.

గుడి, చర్చి పెద్దలు నమోదు శిబిరం పెట్టుకోవచ్చు. పన్ను మినహాయింపు ఉన్న సంస్థ తరఫున ఫలానా అభ్యర్థికి వేయమనడం మాత్రం కుదరదు.