కిక్ మైనస్ 6, బేస్ మైనస్ 9 అనే లెక్క నమ్మకండి

ఈమధ్య మ్యూజిక్ చేసే కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక చార్ట్ తెగ తిరుగుతోంది, నాకే నలుగురు పంపారు. అందులో ఉన్నది ఇదీ: కిక్ (బీట్ కొట్టే డ్రమ్ దెబ్బ) పీక్ మీటర్‌లో మైనస్ 6 డీబీ దగ్గర పెట్టు, బేస్ (అడుగున సాగే లోతైన స్వరం) మైనస్ 9 దగ్గర పెట్టు, బేస్‌కి సైడ్‌చెయిన్ (కిక్ పడ్డప్పుడల్లా బేస్‌ని తగ్గించే సెట్టింగ్) తప్పనిసరి, ఆ రెండూ తప్ప మిగతావన్నీ 100 హెర్ట్జ్ కింద కోసెయ్యి, కిక్‌ని పాట కీకి (శ్రుతికి) ట్యూన్ చెయ్యి, అంతే, నీ రూమ్‌లో బాగుంటే ఎక్కడైనా అదిరిపోతుంది. కొత్తగా హౌస్, టెక్నో లాంటి ఎలక్ట్రానిక్ డాన్స్ మ్యూజిక్ మొదలుపెట్టినవాళ్లు దీన్ని పట్టుకుని నెలలు పోగొట్టుకుంటున్నారు, చూస్తుంటే నిజంగా బాధేస్తోంది, అందుకే ఒక్కోటీ తీసుకుని చెప్తా.

ముందు ఆ మైనస్ 6, మైనస్ 9 సంగతి. పీక్ మీటర్ చూపించేది వేవ్ ఎంత ఎత్తుకి లేచిందో అంతే, చెవికి ఎంత గట్టిగా వినిపిస్తోందో దానికి తెలీదు. కిక్ టక్కున లేచి పడిపోతుంది, బేస్ సాగుతూ ఉంటుంది, ఈ రెంటినీ పీక్ మీద పోల్చి లాభం లేదు. బేస్ ఒట్టి సైన్ వేవ్ (ఒకే ఫ్రీక్వెన్సీ ఉండే నున్నటి శబ్దం) అయితే మైనస్ 9 దగ్గర ఫోన్ స్పీకర్లో ఉందో లేదో కూడా తెలీదు, అదే మైనస్ 9 దగ్గర పై ఫ్రీక్వెన్సీలు కూడా ఉండి గరగరలాడే సా వేవ్ బేస్ పెట్టండి, పాటంతా అదే వినిపిస్తుంది. పైగా మన చెవికి కింది ఫ్రీక్వెన్సీలు తక్కువగా ఆనుతాయి, వాల్యూమ్ తగ్గించేకొద్దీ ముందు మాయమయ్యేది బేసే, ఫ్లెచర్, మన్సన్ అని ఇద్దరు 1933లోనే కొలిచి కర్వ్‌లు గీసి పెట్టారు. రాత్రి ఇంట్లోవాళ్లు పడుకున్నాక చిన్నగా పెట్టుకుని మిక్స్ చేస్తే బేస్ చాల్లేదనిపించి పెంచేస్తాం, పొద్దున్నే గట్టిగా పెడితే గది అదిరిపోతుంది, ఇది అందరికీ జరిగేదే. ఇక స్టైల్ సంగతి వేరే, హౌస్‌లో కిక్ ముందుంటుంది, 174 బీపీఎంలో (నిమిషానికి 174 బీట్లు) పరిగెత్తే డ్రమ్ అండ్ బేస్ స్టైల్లో కిక్ పొట్టిగా ఉండి అడుగంతా సబ్ బేస్ (బాగా లోతైన బేస్) మోస్తుంది, రెంటికీ ఒకే నంబర్ ఎలా సరిపోతుంది?

సైడ్‌చెయిన్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. కిక్ పడినప్పుడల్లా కంప్రెసర్ బేస్‌ని కిందకి నొక్కుతుంది, మంచి టూలే, ఫ్రెంచ్ హౌస్‌లో ఆ ఊగుడే పాటకి అందం. నాకు పేచీ 'తప్పనిసరి' అన్న మాటతోనే. 128 బీపీఎంలో ప్రతి బీట్‌కీ కిక్ పడితే ఒక కిక్కి ఇంకో కిక్కి మధ్య దాదాపు 469 మిల్లీసెకన్లు, బేస్ ఆఫ్‌బీట్‌లో (రెండు కిక్‌ల సరిగ్గా నడుమ) ఉంటే కిక్ పడిన 234 మిల్లీసెకన్లకి వస్తుంది, ఆలోపు కిక్ తోక అయిపోతే వాటి మధ్య గొడవే లేదు, నొక్కడానికి ఏముంది? ఊరికే నొక్కి, రిలీజ్ (నొక్కుడు వదలడానికి పట్టే టైమ్) కూడా ఎక్కువ పెట్టేస్తే ఆ ఆఫ్‌బీట్ నోట్ మొదలే నీరసంగా వస్తుంది.

అసలు చాలామంది సైడ్‌చెయిన్ వెనక దాచేది వేరే జబ్బు. 50 హెర్ట్జ్ వేవ్ ఒక చుట్టు తిరగడానికి 20 మిల్లీసెకన్లు పడుతుంది. కిక్, బేస్ కలిసి పడేచోట రెండూ స్పీకర్ కోన్‌ని ఒకేసారి ముందుకి తోస్తే, రెండూ సమానంగా ఉన్నప్పుడు సౌండ్ 6 డీబీ పెరుగుతుంది, అదే ఒకటి 10 మిల్లీసెకన్లు వెనకపడిందనుకోండి, ఒకటి తోస్తుంటే ఇంకోటి లాగుతుంది, ఆ దెబ్బకి అడుగు మొత్తం ఖాళీ. సింథ్‌లో ఆసిలేటర్ (వేవ్‌ని పుట్టించే భాగం) ఫ్రీ రన్‌లో, అంటే ఆగకుండా తిరుగుతూ, ఉంటే నోట్ ప్రతిసారీ వేవ్‌లో వేరేచోట మొదలవుతుంది, అందుకే ఒక బార్‌లో కిక్ గుండె మీద గుద్దినట్టుంటుంది, పక్క బార్‌లో అట్టపెట్టె మీద కొట్టినట్టుంటుంది, ఫేడర్ ఎంత కదిపినా ఇది పోదు. ప్రతి నోట్ వేవ్‌లో ఒకేచోట మొదలయ్యేలా ఆసిలేటర్ రీట్రిగర్ ఆన్ చెయ్యండి, బేస్‌ని ఆడియోగా బౌన్స్ చేసి (ఫైల్‌గా మార్చి) కిక్ కింద పెట్టి బాగా జూమ్ చెయ్యండి, రెండు కొండలూ ఒకేవైపు లేస్తున్నాయా, లేక ఒకటి కొండ ఒకటి గొయ్యా, కళ్లకే కనిపిస్తుంది. అవసరమైతే బేస్‌ని కొన్ని మిల్లీసెకన్లు జరిపి చెవితో వినండి.

100 హెర్ట్జ్ కింద కోయడం: ప్యాడ్‌లోనో వోకల్‌లోనో అడుగున చెత్త ఉంటే కోయండి, తప్పులేదు. కానీ డోలు శాంపిల్ పెట్టుకుని దాన్నీ కోసేస్తే డొల్ల శబ్దం మిగులుతుంది. ఇంకోటి, ఇలా కోసే మామూలు ఈక్యూ ఫిల్టర్ ఫేజ్‌ని (వేవ్ తన చుట్టులో ఎక్కడుందన్నదాన్ని) కూడా తిప్పుతుంది, రెండు లేయర్ల కిక్‌లో పై లేయర్‌ని నిటారుగా కోస్తే కింది లేయర్‌తో కలవక పల్చబడిపోవచ్చు.

కిక్ ట్యూనింగ్ దగ్గర సగం నిజం ఉంది, అందుకే ఎక్కువమంది నమ్ముతారు. 1980లో వచ్చిన రోలాండ్ 808 డ్రమ్ మెషీన్ కిక్ తోకని సాగదీసి వాడుతుంటే ట్యూన్ చేయాల్సిందే, ఎందుకంటే అప్పుడు బేస్ పని చేసేది అదే. కానీ 1983 నాటి 909 లాంటి పొట్టి కిక్ పైనుంచి కిందకి సర్రున జారి ఆగిపోతుంది, దాన్ని ఏ నోట్ అంటారు? పైగా బేస్ 'A మైనర్' కీలో 55 హెర్ట్జ్ మీద కూర్చుని ఉంటే కిక్‌ని కూడా పట్టుకెళ్లి అదే 55 మీద కూర్చోబెడితే ఇద్దరికీ ఒకే కుర్చీ అవుతుంది.

అన్నిటికన్నా నష్టం చేసేది ఆ చివరి మాట, 'నీ రూమ్‌లో బాగుంటే ఎక్కడైనా బాగుంటుంది' అన్నది. మన ఇళ్లలో మిక్స్ చేసుకునే గది మహా అయితే 10 బై 12, సిమెంట్ గోడలు, పైన స్లాబ్, కింద టైల్స్. 12 అడుగుల పొడవులో దాదాపు 47 హెర్ట్జ్ దగ్గర, 10 అడుగుల వెడల్పులో దాదాపు 56 హెర్ట్జ్ దగ్గర సౌండ్ గోడల మధ్య నిలబడిపోతుంది, గోడల దగ్గర ఉబ్బుతుంది, గది నడిమధ్యలో చచ్చిపోతుంది. అంటే సరిగ్గా మన కిక్, బేస్ ఉండే చోటే!

నాకు ఇది తెలిసొచ్చింది 'A మైనర్'లో చేసిన ఒక ట్రాక్‌తో. కుర్చీ గది మధ్యలో ఉండేది, బేస్ ఎంత పెంచినా చాలట్లేదని 5 డీబీ పెంచేశా, తర్వాత ఒక ఫంక్షన్ హాల్లో పెద్ద బాక్సుల మీద పెడితే కిక్ అనేదే లేదు, ఒకటే బూమ్, డాన్స్ చేస్తున్నవాళ్లు బీట్ అందక ఆగిపోయారు. మర్నాడు సైన్ టోన్‌ని 30 నుంచి 100 హెర్ట్జ్ దాకా మెల్లగా పెంచుతూ గదంతా తిరిగా, కుర్చీలో కూర్చుంటే 55 దగ్గర దాదాపు ఏమీ లేదు, లేచి బీరువా పక్కన గోడకి ఆనుకుంటే చెవులు నిండిపోయాయి. టేబుల్‌ని ఒక గోడవైపు జరిపా, ప్రతి మార్పూ హెడ్‌ఫోన్స్‌లో కూడా విన్నా, పెంచిన 5 డీబీ మొత్తం తీసేశా, ఫోన్‌లో కూడా బేస్ తెలియాలని కొంచెం శాచురేషన్ (గరగర కలిపే ఎఫెక్ట్) వేస్తే 110, 165 దగ్గర, అంటే 55కి రెండు, మూడు రెట్ల దగ్గర, హార్మోనిక్స్ వచ్చాయి, కిక్ తోకని 80 మిల్లీసెకన్లు కత్తిరించా. ఆ ట్రాక్‌లో సైడ్‌చెయిన్ లేదు.